ఒకటిన్నర వేగం

చేతులు రెండూ దారానికి రాసిచ్చేశాను.
చెవులే ఖాళీ.
నరసాపురం కాలువగట్టు మీద మూడో సందు,
మధ్యాహ్నం కరెంటు ఉన్నంతసేపూ
ఒక చెవిలో ఇయర్‌ఫోను
(రెండోది మూగబోయి ఏడాది),
ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని
ఎవరో ఎవరినో అడుగుతుంటారు:
"చెప్పండి సార్, మీ ప్రయాణం ఎలా మొదలైంది?"

నేను గొలుసు అల్లుతుంటాను.
ఆరు, ఏడు, ఎనిమిది.

మొదట్లో ముప్పావు వేగంలో వినేదాన్ని.
అయినా సగం మాటలు
చిత్తపరిగెల్లా వల కన్నాల్లోంచి జారిపోయేవి.
ఎంగేజ్‌మెంట్ పెంచుకోవాలి అంటాడాయన.
మా సంఘంలో ఎంగేజ్‌మెంట్ అంటే ప్రధానం,
పాస్టరుగారి ప్రార్థన, పళ్లెంలో ఉంగరం,
మనిషికి ఒక్కసారైతే చాలనుకుంటాం.
రోజుకు మూడుసార్లు చెయ్యమంటాడు!
నవ్వొచ్చి కుట్టు తప్పింది.

అల్గారిథం మాత్రం
ఒక్క వినికిడికే తెలిసిపోయింది.
లాకుల దగ్గర కూర్చునే మనిషి వాడు.
ఏ చేలోకి నీళ్లొదులుతాడో
ఎవరి వంతు ఎప్పుడు కట్టేస్తాడో
అడిగితే చెప్పడు.
శివారు భూముల వాళ్లకి
వాడేం కొత్త కాదు.

నలభై ఒకటో ఎపిసోడ్‌లో ఒకావిడ అంది:
"మీ కస్టమర్‌ని కళ్లముందు నిలబెట్టుకోండి,
ఆమెకో పేరు పెట్టండి."
పెట్టాను. ఇందుమతి.
బెంగుళూరు, నాలుగో అంతస్తు,
బేరమాడదు, కాఫీ ఒలకబోయదు.
ఆవిడ కళ్లజోడు నంబరు కూడా నాకు తెలుసు,
నాదే.

"మీ మొదటి కస్టమర్ ఎవరు?"
ఈసారి వచ్చినాయన తడుముకున్నాడు.
ఆ రెండు క్షణాల ఖాళీలో
నా నోరు ఊరుకోలేదు:
భద్రంగారి గుమాస్తా అండీ.
దారం తూచి ఇచ్చేవాడు,
అల్లిక తూచి పుచ్చుకునేవాడు.
తులం తేడా వస్తే కూలిలో కోత.
ఆ తులం నేనేమన్నా తిన్నానా అండీ?

"ఎవరితోనే మాటలు?" ఎదురరుగు మీంచి సుగుణ.
"ఇంటర్వ్యూ" అన్నాను.
"ఆయ్" అని సూది ఆపకుండానే నవ్వింది.

వస్తువు కాదు, వాడకం చూపించండి, అన్నారు.
బల్లగుడ్డ కదా, బల్ల మీద పరిచి
ఫొటో తియ్యాలన్నమాట.
మా ఇంట్లో బల్ల లేదు.
అమ్మది చెట్టుపని, విడివిడి పువ్వులు,
నాది అతుకుపని.
అతికిందాన్ని అతికినట్టే మడిచి
సంచిలో వేసి పంపేవాళ్లం.
ముప్పై ఏళ్లు.

ఆదివారం బడి బల్ల అడిగి తెచ్చాం
నేనూ సుగుణా చెరో కొసా పట్టుకుని.
పరిచాను.
కిటికీలోంచి వచ్చిన ఎండ
కన్నాల్లోంచి దిగి
చెక్క మీద ఇంకో గుడ్డ అల్లింది.
ఇంత పెద్దదా ఇది?
అమ్మ వచ్చి చుట్టూ ఒకసారి తిరిగింది,
ఎవరింటికో పేరంటానికి వచ్చినట్టు
చెయ్యి ఆనించకుండా.

ఫొటో తియ్యడం కాసేపు మర్చిపోయాం.

పెట్టిన తొమ్మిదో రోజు మెసేజ్.
బెంగుళూరు కాదు, పాలకొల్లు.
ఇందుమతి కాదు, కె. సత్యవేణి.
"రేటెంత?"

నూట పన్నెండు ఎపిసోడ్లు విన్నాను,
ఇక్కడేం చెప్పాలో అందరూ చెప్పారు.
పద్దెనిమిది వందల యాభై అని కొట్టాను.
చెరిపాను.
రేటు ఇన్నాళ్లూ నాకు ఎవరో చెప్పిన మాట,
నా వేలికి దాని రుచి తెలీదు.
మళ్లీ కొట్టాను, రెండు వేల రెండొందలు.
కళ్లు మూసుకుని పంపాను.

చెవిలో ఎవరో పెద్దాయన
ఒకటిన్నర వేగంలో
ఓపిక గురించి చెబుతున్నాడు.
నీలి గీతలు రెండూ పడ్డాయి.
జవాబు రాలేదు.

లెక్క ఎక్కడ తప్పానో
వరస వెనక్కి విప్పుకుంటున్నాను,
ఎనిమిది, ఏడు, ఆరు.