హాజరు పట్టీ

మిర్యాలగూడ బైపాసు పక్కన
మా మిల్లు గొట్టం ఈ సీజనుకి పొగ మానేసింది.
అందరికన్నా ముందు తెలిసింది
ఇస్త్రీ బండి ముత్తిలింగానికి.
ఆరేసిన తెల్ల చొక్కా మీద
సాయంత్రానికి నల్ల నుసి వాలలేదట.
మూడు రోజులు నమ్మక, వేలితో రాసి చూసుకున్నాడు.

నేను హాజరు రాసేవాణ్ణి.
ఇరవై రెండేళ్లుగా
వచ్చినవాళ్ల పేరు ఎదురుగా ఒక గీత.
ఉడికిన వడ్లు ఆవిర్లు కక్కుతూ కల్లంలోకి దిగితే
ముప్ఫై ఎనిమిది మంది ఆడవాళ్లు
ఒట్టి కాళ్లతో సాళ్లు తీసేవాళ్లు
ఎండ ఎటు జరిగితే అటు.
గింజ ఎండిందో లేదో
సైదమ్మకి మడమ చెప్పేది.
"ఇగ ఎత్తుండ్రి" అని ఆమె అన్నాకే
గోనెలు విప్పేవాళ్లం.

ఇప్పుడు ఊకతోనే ఆవిరి, ఊకతోనే కరెంటు.
డ్రయ్యరు ఒక ఆకుపచ్చ డబ్బా.
వానంటే భయం లేదు, ఎండతో పని లేదు.
బూడిద కూడా సంచులకెక్కి ఇటుకలకి పోతుంది.
సేటు దండ వేయించుకుని ఫొటో దిగాడు.
అందులో నేనూ ఉన్నాను, కుడివైపు చివర,
చంకలో ఈ పట్టీతో.

అబద్ధమెందుకు, గాలి బాగుంది.
మనవరాలు రాత్రిళ్లు దగ్గడం లేదు.
బాయిలరు ముందు పార పట్టిన జానయ్యకి
డాక్టరు చెప్పిన మాటే ఇంజనీరూ చెప్పాడు,
పొగ దగ్గర నిలబడొద్దని.
ఎక్కడ నిలబడాలో
ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

ఏడుగురు బూడిదిటుకల షెడ్డుకి పోయారు.
పదిమంది మిరప ఏరడానికి ఆటోలెక్కారు.
తక్కినవాళ్ల సంగతి తెలీదు,
అది రాసే గడి ఈ పట్టీలో లేదు.
కొత్తగా నలుగురు ఐటీఐ పిల్లలు చేరారు.
వేలు ఆనిస్తే వాళ్ల హాజరు మిషనే రాసుకుంటుంది.

నిన్న సైదమ్మ వచ్చింది,
ఆధారు జిరాక్సు వాపసు కోసం.
"ఊక పనిలవడ్డది సారూ,
మేం ఊకె కూసున్నం" అని తనే నవ్వింది.
డ్రయ్యరు పిల్లాడు పిడికెడు గింజలు తెచ్చి
తెర మీద అంకె చూపించాడు, ఎండాయని.
ఆమె చెప్పు విడిచి
గచ్చు మీద పోయించి మడమతో నొక్కింది.
"ఇంకో గడియ ఉంచు బిడ్డా, కడుపుల పచ్చున్నది."
పిల్లాడు నవ్వాడు. నవ్వి,
ఎందుకో మళ్లీ మీట నొక్కాడు.

నేను అలవాటు కొద్దీ
పాత పేజీలో ఆమె పేరు వెతికి
ఎదురుగా ఒక గీత గీశాను.
ఆ రోజు కూలి ఎవరిస్తారని
ఇంకా ఎవరూ అడగలేదు.