పేరు పెట్టని ముక్క

ఎండెల్ రిటైరయ్యాక ఆ ఫైలు లేలో చేతికొచ్చింది.
పెయిప్సి సరస్సు మీద ఇరవై చలికాలాల మంచు మందం,
ఉత్త అక్షరాల్లో.

ప్రతి కోడు ముక్క నెత్తినా ఒక పేరు.
నియమాలు మొదట్లోనే రాసి పెట్టాడు:
పేరులో ఖాళీ వద్దు, అడ్డగీత పెట్టు.
ఒకే పేరు రెండింటికి పెట్టకు,
పిలిస్తే మొదటిదే పలుకుతుంది,
రెండోది అలిగినట్టు కూడా తెలీదు.
పేరుకీ ముక్కకీ మధ్య వరుస వదలకు.
వదిలావా, ఆ పేరు ఇక ఎవరిదీ కాదు.

తార్తూలో మూడున్నరకే చీకటి.
హీటరు మీద తడి చేతితొడుగులు.
చిట్టచివర, నాలుగువందల పదో వరుసలో
ఊరూ పేరూ లేని ముక్క ఒకటి.
ఎవరూ పిలవలేదు, అదీ పలకలేదు.

చేత్తో నడిపి చూసింది.
ఒక్కటే అంకె: నాలుగు సెంటీమీటర్లు.
తేదీ మార్చి తొమ్మిది,
ఆయన తమ్ముడు తైవో
వలలు తీయడానికి మంచు మీదికి వెళ్లిన రోజు.
ల్యాబులో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు.

ఒకరి పనికి ఏనాడూ పేరు పెట్టని మనిషి
దీనికీ పెట్టలేకపోయాడు.

లేలో ఆ ముక్క పైన
తైవో అని కొట్టింది.
కింద ఒక వరుస
ఖాళీ వదిలింది.