నలభై ఒకటో పేజీ

పందొమ్మిదేళ్లు నేను రాసింది
ఎవరూ ఇష్టపడి చదవలేదు.
ఏదో చెడిపోయాక, అర్ధరాత్రి,
చేప జిడ్డు అంటిన వేళ్లతో తెరిచేవాళ్లు.

ఓలెసుండ్ రేవులో మా కంపెనీ
వలలు లాగే వించీలు చేస్తుంది.
మీట కిందికి నొక్కండి.
డ్రమ్ము పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టకండి.
ఆ 'పూర్తిగా' కోసం ఇంజినీరు స్వైనుంగ్‌తో
రెండు వారాలు పోట్లాడాను.
ఆగడమంటే ఆగడమేగా, అన్నాడు.
కాదు. చలిలో, నిద్రమత్తులో
ఆగబోతున్నది కూడా ఆగినట్టే కనిపిస్తుంది.

ఫిబ్రవరిలో గళ్లూ గీతలూ ఉన్న కాగితం తెర మీద చూపించారు.
నా పేరు రెండో అంతస్తు నుంచి ఆరో అంతస్తుకి ఎక్కింది.
డాక్యుమెంటేషన్ అనే గడి ఎక్కడా లేదు.
అడిగితే, విలీనమైంది అన్నారు,
సముద్రంలో కలిశాక ఏరు పేరు అడగకూడదన్నట్టు.

ఆరో అంతస్తులో కాఫీ బావుంటుంది.
అందరూ ముందుగానే నవ్వుతారు.
మేనేజరు యోరున్ నాకంటే పదహారేళ్లు చిన్నది,
మంచి పిల్ల, ఆ మాట ఒప్పుకోవాలి,
నా మొదటి బ్రోషరు చదివి మెల్లిగా అంది:
"తోర్‌హిల్డ్, ఇందులో పదకొండు 'కూడదు'లున్నాయి."
లెక్కపెట్టాను. పన్నెండు.

నేర్చుకుంటున్నాను.
వించీ అనకూడదట, తోడు అనాలట.
మోత కాదు, శక్తి.
ఆరు టన్నులు అని రాస్తే
మార్జిన్‌లో పసుపు రంగు ప్రశ్న:
ఇది చదివేవాళ్లకి ఎలా అనిపించాలి?
బరువుగా, అని రాసి చెరిపేశాను.

అబద్ధాలు రాయిస్తున్నారని కాదు.
వించీ మంచిదే, దాని ప్రతి మరా నాకు తెలుసు.
ఒక్కటే తేడా:
అప్పుడు నా వాక్యం చివర ఒక చెయ్యి ఉండేది.
ఇప్పుడు కళ్లున్నాయి,
అవి పక్క స్టాలు వైపు కూడా చూస్తుంటాయి.

ఆగస్టులో, త్రోన్‌హైమ్ ప్రదర్శనలో
లోఫోతెన్ నుంచి వచ్చిన ముసలాయన
బ్రోషరు అందుకున్నాడు. వేళ్లు పదికి పది.
(లెక్కపెట్టడం పాత అలవాటు.)
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
"తాడు చిక్కుకుంటే ఏం చెయ్యాలో ఎక్కడుంది ఇందులో?"
ఇందులో లేదు.
నోటికొచ్చింది చెప్పాను: నలభై ఒకటో పేజీ,
మీట వదలండి, కరెంటు ఆపండి, డ్రమ్ము
"పూర్తిగా ఆగేదాకా," అన్నాడాయన, విసుగ్గా.
"అది రాసింది నువ్వా?
ఎవడో చాదస్తపు మొగాడనుకున్నా ఇన్నాళ్లూ."
ఒక టోపీ ఉచితంగా తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నూట నలభై బ్రోషర్లు పంచాను.
స్టాలు మూసి, దీపాలు ఆర్పాక కూడా
నా మొహం మీద నవ్వు కాసేపు తిరుగుతూనే ఉంది.
అది పూర్తిగా ఆగేదాకా
ఇంటికి ఫోను చెయ్యలేదు.