ఏ పచ్చ?

రెండో సెమిస్టరు, మూడో యూనిట్: అవధానం.
(పద్యాలు చెప్పిస్తారేమో అనుకుని
ఓబులపతి మొదటిరోజు సంతోషపడ్డాడు.)
అనంతపురంలో మార్చి, మధ్యాహ్నం రెండున్నర.
ఫ్యాను తిరుగుతోంది,
గాలిని మాత్రం దారిలో ఎవరో దించుకుంటున్నారు.

రాత్రంతా అట్టముక్కల మీద రాశాను,
కూతురి స్కెచ్ పెన్నులతో, అడక్కుండా.
ఎరుపు అనే మాట పసుపు రంగులో,
నలుపు అనే మాట ఎర్ర రంగులో.
"మాట చదవొద్దు. ఏ రంగుతో రాశానో చెప్పండి. అంతే."

అంతే అనేది ఎంత పెద్ద మాటో
బల్ల ముందుకొచ్చి నిలబడితే గానీ తెలియదు.
ఓబులపతికి మూడో అట్ట దగ్గరే నాలుక మడతపడింది.
నలు... ఎరు... కాదు సార్, ఆగండి సార్.

మాబున్ని అట్ట పట్టుకుని నన్నే నిలదీసింది:
"పచ్చ అని రాసినారు, ఏ పచ్చ సార్?
పసుపుపచ్చా, ఆకుపచ్చా?"
పాఠ్యపుస్తకం రాసిన దేశంలో ఈ ప్రశ్న పుట్టదు.
నోట్సు తిరగేశాను, లేదు.
మా అమ్మ పసుపు రాసిన గడపనీ పచ్చన అనేది,
వాన పడ్డాక చెనక్కాయ చేనునీ పచ్చన అనేది,
ఏనాడూ తికమకపడలేదు.

ధర్మవరం నుంచి రైల్లో వచ్చే చౌడప్ప,
మగ్గం గుంటలో పెరిగినవాడు,
"ఇది ఎరుపు కాదు సార్, మిరపపండు.
ఎరుపంటే ఇంకొక్క ముంచు తక్కువ" అని
ఫోనులో సెకన్లు నడుస్తుండగానే వాదనకు దిగాడు.
అతని సమయం పట్టికలో వెయ్యలేదు.
వెయ్యాల్సింది.

గది ఊడ్చి తాళం వేసుకుపోవాలని
వాకిట్లో నిలబడ్డ సుంకులమ్మ అడిగింది:
"ఏం ఆట సామీ ఇది?"
"నువ్వూ చెప్పక్కా" అన్నారు పిల్లలు.
చీపురు గోడకానించి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది.

పచ్చది. ఎర్రది. నల్లది. పచ్చది. ఎర్రది.
కాయలు వలిచినట్టు
పొట్టు ఒకపక్క, గింజ ఒకపక్క.
పది అట్టలు, ఆరు సెకన్లు. క్లాసులో ఎవరికీ రాలేదు అంత.
"సదువుకున్నోళ్లు గదా, మీకు ఇంతసేపేమిటికి నాయనా?"

నేను బోర్డు వైపు తిరిగాను, చెప్పబోయాను:
అక్షరం ఒకసారి లోపలికొస్తే పొమ్మన్నా పోదు,
మనం చూసేలోపే చదివేస్తుంది,
అది రాని కంటికి అట్ట మీద ఉన్నది రంగొక్కటే...
ఉదాహరణ నా వెనకే నిలబడి ఉంది,
చెప్పలేకపోయాను.

"ఇంకోటి మిగిలిందక్కా" అన్నాడు చౌడప్ప.

పదకొండో అట్ట.
ఆమె పెదవి కదిలింది, మాట రాలేదు.
రెండు సెకన్లు. నాలుగు. ఏడు.
"రంగు చెప్పక్కా."
సుంకులమ్మ ఎడమ చెయ్యి తిప్పి చూసుకుంది.
మోచేతి కింద పాత పచ్చబొట్టు, రెండక్షరాలు: నీల.
అట్ట మీదా ఆ రెండే, పక్కన సున్న.

"నాకు ఈ రెండే వచ్చు.
నా బిడ్డ పేరు సామీ ఇది.
ఈ సున్న ఎవురిదో తెలీదు."

బిడ్డ ఏదీ అని ఎవరూ అడగలేదు.
ఎనిమిది మంది విద్యార్థులు, ఒక కాంట్రాక్టు లెక్చరరు,
మనసు గురించి చదువుకుంటున్నవాళ్లం.

"ఎర్రది" అంది చివరికి, చిన్నగా,
తప్పు ఒప్పుకున్నట్టు.
చీపురు తీసుకుంది. మేం కాళ్లు పైకి పెట్టుకున్నాం.

పట్టికలో రాశాను:
పదకొండు. తొమ్మిది సెకన్లు. తప్పులు లేవు.

రాత్రి పెన్నులు డబ్బాలో సర్దుతుంటే కూతురు పట్టుకుంది.
"ఎర్రది అరిగిపోయింది నాన్నా, ఏం రాశావు?"
"నీలం" అన్నాను.