షెడ్యూలు-బి

నాలుగు హద్దులు కొట్టమన్నారు నన్ను.
ఉత్తరాన రైలుగేటు,
దక్షిణాన కొబ్బరిపీచు ఫ్యాక్టరీ ప్రహరీ,
పడమర మురుగుడ్రైను,
తూర్పున
కాలువ నడిగీత.

అక్కడ వేలు ఆగింది.
కాలువకి నడిగీత ఎక్కడుంటుందండీ?
నీళ్ళు వదిలిన జూన్లో ఒకచోట,
కట్టేసిన ఏప్రిల్లో
బురదలో చేపపిల్లలు కొట్టుకునే గుంట పక్కన
ఇంకోచోట.
గుర్రపుడెక్క అయితే లాకు తలుపు దాకా
ఇటూ అటూ ఒకటే పచ్చన.
సర్వేయరు చలమయ్య గారు గొలుసు చుట్టుకుంటూ నవ్వారు,
"కాగితం మీద నీళ్ళు పారవు, కొట్టెయ్యమ్మా" అని.
కొట్టేశాను.

ముప్పై రెండు వార్డుల్లోంచి పదకొండు తియ్యాలి.
లంకలో మా నాన్న అరటి పిలక తవ్వేవాడు,
గునపం ఎక్కడ దిగాలో తెలిస్తే
తల్లీ పిల్లా రెండూ బతుకుతాయనేవాడు.
ఇక్కడ గునపం జీవో నంబరు.
కొత్త పురపాలక సంఘం పేరు దగ్గర
గడి ఖాళీగా ఉంచమన్నారు,
దాని మీద మూడు సమావేశాలు కుర్చీలతో ముగిశాయి.

అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా.
రెండో రోజే వాన పడి నోటీసు సిరా జారింది.
అయినా నలభై ఒకటి వచ్చాయి.
చాలావరకు ఇంటిపన్ను గురించే.
టైరుషాపు పెచ్చెట్టి వీర్రాఘవులు
షాపు ఇటు, గాలిపంపు అటు పడిందని రాశాడు.
ఒక ముసలామె, వేలిముద్ర:
"మా ఆయన సమాధి మీ ఊళ్ళో ఉండిపోతోంది,
పువ్వులు తెస్తే గేటు రుసుము వేస్తారా?"
గెడ్డం ఏసుమణి, పారిశుద్ధ్యం, అవుట్‌సోర్సింగు,
కూతురి చేత రాయించింది:
"పొద్దున్న అటు ఊడుస్తాను, రాత్రి ఇటు పడుకుంటాను.
నేను ఏ ఊరిదాన్నో చెప్పి
ఆనక ఊరిని కొయ్యండి, ఆయ్."

ఫారంలో రెండే మాటలున్నాయి.
ఒకటి అసలు వాడరు.
"పరిశీలించి తిరస్కరించడమైనది" అని
ఒక్కసారి కొట్టి నలభైసార్లు అతికించాను.
నలభై ఒకటోది, ఏసుమణిది,
వేళ్ళతో కొట్టాను,
అక్షరం అక్షరం.
అదేదో మర్యాద అనుకున్నాను.

తర్వాత పంపకాలు.
ట్రాక్టర్లు ఐదు: మూడు, రెండు.
కారే వాటర్‌ట్యాంకు వాళ్ళకి,
దాని అప్పు జనాభా లెక్కన ఇద్దరికీ.
పొగ యంత్రం ఒక్కటే కాబట్టి
సోమ బుధ శుక్రవారాలు మాకు, మిగతావి వాళ్ళకి.
దోమలకి మాత్రం
ఉత్తర్వు నకలు పంపలేదెవరూ.
జనన రిజిస్టర్లు పాత బీరువాలోనే.
కాబట్టి అవతల ఇప్పటిదాకా పుట్టినవాళ్ళంతా
ఇవతలే పుట్టారు.

అవతల అంటే ఏదని అడగకండి.
గెజిట్ వచ్చిన రోజు వంతెనకి రెండు కొసల్లోనూ
బాణాసంచా కాల్చి
రెండువైపులవాళ్ళూ ఎదుటివైపుకి చెయ్యి చూపించి
"అవతలోళ్ళు" అన్నారు.

ఒక్కటి తప్పు చేశాను.
వంతెన నడుమ దీపస్తంభం
ఏ జాబితాలోనూ ఎక్కించలేదు.
పంతొమ్మిది రోజులుగా పగలూ రాత్రీ వెలుగుతోంది,
ఆర్పే అధికారం ఏ సంఘానికీ లేదు.
సవరణ కొట్టాలి. కొడతాను, సోమవారం.

ఇవాళ పొద్దున్న ఆ పగటి దీపం కింద
ఏసుమణి చీపురు వంతెన సగం దాకా వచ్చి ఆగింది.
సైకిలు దిగిన నన్ను చూసింది.
ఏమీ అనలేదు.
మిగతా సగం కూడా ఊడ్చి
చెత్త రెండు కుప్పలు పెట్టింది,
ఒకటి ఇటు,
ఒకటి అటు.