చదరపు అడుగుకి

నా చేతిలో పదిహేను మీటర్ల టేపు,
చంకలో ప్రకటన పన్ను రిజిస్టరు,
వెనక నిచ్చెన మోస్తూ గంధం నూకరాజు.
నరసాపురం ఇంకా షట్టర్లు సగమే ఎత్తింది.
రాతకైనా ఖాళీకైనా ఒకటే రేటు.
అది రూలు. నేను రాసింది కాదు.

"అంచు చుట్టూ ఏం లేదు కదండీ,
ఉత్త తెలుపుకి కూడానా?" అంటాడు మందులషాపాయన.
ఉత్త తెలుపుకి కూడానండి.
ఆ తెలుపు లేకపోతే మీ ఎరుపు ఎవడు చదువుతాడండి.

స్టేషను రోడ్డు మలుపులో
ఒక నాయకుడి పుట్టినరోజు, ఇరవై బై ముప్పై.
నవ్వులో ఒక్కో పన్నూ నా అరచేయంత.
ఆ పన్నుకి పన్ను వెయ్యొద్దని పైనుంచి మాట.

పాత మేడ నెత్తిన రెండు సున్నపు చిలకలు,
మధ్యలో 1941.
ఒకదానికి ముక్కు లేదు,
ఇంకోదాని రెక్కలోంచి ఏదో మొక్క.
"ఇది ప్రకటనేనా సార్?" అన్నాడు నూకరాజు.
ఎవరో నాలుగు డబ్బులు చేసుకుని
ఊరికి చెప్పకుండా ఉండలేక
సున్నంతో చెప్పుకున్నాడు. ప్రకటనే.
కానీ అమ్మే సరుకు లేదు. వదిలెయ్.

లేసుకొట్టు.
నిరుటిదాకా దీని మీద రేకు బోర్డు ఉండేది,
నీలం అక్షరాలు, ఒక్కోదానికీ పసుపు నీడ,
సాయంత్రం నాలుగింటి ఎండ
అక్కడే ఉండిపోయినట్టు.
మూలన చిన్నగా: పాదం, 92.
బొమ్మిడి ఏసుపాదం చేతిరాత.
(ఇప్పుడు పడవలకి నంబర్లు వేస్తున్నాడట,
చెయ్యి వణికినా అంకెలు ఓర్చుకుంటాయంటాడట.)

"వనమాలి వారి లేసు అలికలు."
లకి ఒత్తు లేదు.
ఊరంతా దాన్ని అలికలకొట్టనే అంటుంది,
బస్సు కండక్టరూ, పోస్టుమేనూ,
ఒళ్ళో దారపుండతో అల్లికలే అల్లే ఆడవాళ్ళూ.

"అప్పట్లో అక్షరానికి రెండ్రూపాయలండి," అన్నాడు భీమశంకరం.
"ఒత్తుకి వేరే అర్ధరూపాయి అడిగాడండి.
ఒత్తు అక్షరమేంటయ్యా,
అక్షరం కాళ్ళకింద చాకిరీ చేసేది, అన్నాను.
సరేనండి అని మానేశాడు.
తగువేం లేదండి. టీ తాగే వెళ్ళాడు."

కొత్తది ఫ్లెక్సీ, భీమవరంలో అచ్చు.
కంప్యూటరు దగ్గరి పిల్ల చదువుకున్నది,
అడక్కుండానే ఒత్తు పెట్టింది.
"ఇదెవరిదండీ కొత్త కొట్టు?" అని నలుగురడిగారట.
మళ్ళీ మొత్తం డబ్బు కట్టి
ఒత్తు తీయించుకొచ్చాడు.
పన్నెండు బై నాలుగు. నలభై ఎనిమిది. రాశాను.

"పాత రేకేం చేశారండి?"
"ఎవరో పట్టుకుపోయారండి, రేవు వైపు."

రేవు దారిలో గోడౌన్ గోడ మీద
నా తలకి జానెడు పైన నల్లగీత.
86, ఆగస్టు.
దీనికి అక్షరాల లెక్కన ఎవరిచ్చి ఉంటారు?
సంతకం వెతికాను, లేదు,
కానీ ఆ 6 తోక అతనిదే.
నూకరాజు గీత కింద నిలబడి
పైకి చూసి, ఏమీ అడగలేదు.

సఖినేటిపల్లి పంటు ఆగేచోట
ఎండుచేపల మరిడమ్మ
నాలుగు వెదుళ్ళ మీద రేకు కప్పుకుంది,
అక్షరాలు లోపలివైపు.
పైనుంచి చూస్తే ఉత్త ఇనుము.
వంగి దూరితే నీలం,
ఆ పసుపు నీడ,
ఇక్కడ నిజంగానే నీడ.
ఉప్పుగాలికి ల కింద తుప్పు పట్టి
చిన్నగా వంపు తిరిగి ఆగింది.

అర్ధరూపాయి ఎవరూ అడగలేదు.

టేపు తీశాను.
"ఏటి బాబూ కొలుత్తున్నావ్, సొరచేపా?
కూకో, తల తగుల్తాది."
కూర్చున్నాను.
రిజిస్టర్లో ఆ పేజీ ఖాళీగానే ఉంది.
ఖాళీకీ అదే రేటు. తెలుసు.