నీటి కుక్కపిల్లలు

ఈ రేవులో వాటిని నీటి కుక్కపిల్లలంటారు.
మొదటిసారి విన్నప్పుడు కిటికీలోంచి బయటికి చూశాను,
ఎవరి కుక్క ఈనిందో అని.
కెజాయా ముసలమ్మ బోసినోటితో నవ్వి
మొగుడి మణికట్టు పట్టి నా బల్ల మీద పెట్టింది:
"ఇదిగో, ఏడు పిల్లలు. ఇంకా కళ్లు తెరవలేదు."

న్యూఫౌండ్‌లాండ్‌లో జూలై అంటే
వానా కాదు, పొగమంచూ కాదు, రెండిటి తడీ.
నూనె పట్టించిన కోటు చేతి అంచు
తెల్లారింది మొదలు మణికట్టును ఒరుసుకుంటూనే ఉంటుంది.
ఉప్పునీళ్లు, కాడ్ చేప జిగురు, కుళ్లిన ఎర
ఆ ఒరిపిడిలోకి దిగుతాయి.
మొదట కందినట్టుంటుంది, అంతే.
రెండో రోజు బఠాణీ గింజ.
నాలుగో రోజుకి ఈ గుట్టల మీద కాసే ఎర్ర బెర్రీ.
తాకితే వేడి. తాకకపోయినా సలుపు,
గుండె కాస్తా అక్కడికి కాపురం మార్చినట్టు.
ఆరో రోజుకో ఏడో రోజుకో
నెత్తిన తెల్లగా మొన కడుతుంది.
అది పండటం.
అంతవరకూ దాని జోలికి పోకూడదు.

పోతారు.
ఒకడు గాలం మొనతో.
ఒకడు పొగాకు కోసే చాకుతో,
"శుభ్రంగానే" అంటాడు, ప్యాంటుకి తుడిచి చూపిస్తూ.
సైలస్ పార్డీ అయితే పళ్లతో.
నేను అరుస్తాను. టోపీలు తీసి వింటారు,
చర్చిలో ప్రసంగం విన్నట్టు,
అంత శ్రద్ధగా, అంత వృథాగా.

కెజాయా వైద్యం రొట్టె.
ఎండిన ముక్క మరిగే నీళ్లలో నానేసి, పిండి,
గుడ్డలో మూటగట్టి, చెయ్యి ఓర్చుకునేంత వేడిగా పట్టు వేస్తుంది.
నా పుస్తకంలో రొట్టె లేదు.
వేడి కాపడం ఉంది, పది నిమిషాలు, రోజుకి నాలుగుసార్లు.
వారమంతా పోట్లాడాం.
చివరికి నేనే ఒక మూట నా చేతి మీద పెట్టుకుని చూశాను:
నా తడిగుడ్డ కన్నా
ఆమె రొట్టె ఎక్కువసేపు వేడి నిలుపుకుంటోంది.
సరే, రొట్టె ఉండనీ.
గుడ్డ మాత్రం ఉడకబెట్టు,
ఒకడి గుడ్డ ఇంకొకడికి కట్టకు,
కట్టాక చేతులు కడుక్కో, అన్నాను.
"సబ్బుకి డబ్బులెవరిస్తారు?"
ఇచ్చాను.

గార్లండ్‌కి పద్నాలుగేళ్లు. అన్న కాలు విరిగితే
అన్న చోట్లో పడవెక్కాడు.
సోమవారం కొట్టు దగ్గర
ఎడంచేత్తో పిండి బస్తా ఈడుస్తున్నాడు, కుడిచెయ్యి జేబులో.
"చూపించు."
"ఏం లేదు నర్సమ్మా."
చొక్కా నేనే మడిచాను.
కుక్కపిల్ల ఒక్కటే. చిన్నదే.
కానీ అక్కణ్నించి మోచేతి దాకా ఎర్రటి గీత,
సూదితో గీసినంత సన్నంగా.
చంకలో బిళ్ళ కట్టింది. ఒళ్లు కాలిపోతోంది.
"ఎప్పట్నుంచీ?"
"చేప బాగా పడ్డ రోజు నుంచి."
ఆ మాటకి నా దగ్గర ఏ జవాబూ లేదు.

గీత ఎక్కడ ఆగిందో అక్కడ
చెరగని పెన్సిల్‌తో అడ్డంగా ఒక గుర్తు పెట్టాను.
కొత్త మందు సీసాలు ఆరే ఉన్నాయి,
మిగతావి వచ్చే ఓడలో.
మూడేసి గంటలకో సూది. ప్రతి సూదికీ వాడు
గోడ వైపు తిరిగి పడవ తాళ్ల పేర్లు వల్లించాడు.
అర్ధరాత్రి గీత నా గుర్తుని దాటింది, వేలెడు.
రెండో గుర్తు పెట్టాను.
నాకు చెయ్యి వణికింది, గుర్తు వంకరపోయింది.
తెల్లవారుజామున దీపం దగ్గరగా పట్టి చూస్తే
రెండో గుర్తు కింద చర్మం ఉత్త చర్మంలా ఉంది.
మొదటి దాని కిందా అంతే.
మర్నాడు కెజాయా రొట్టెకే
కుక్కపిల్ల కళ్లు తెరిచింది, చీమంతా కారింది.

ముసలాడు తన ఇత్తడి గొలుసు తీసి వాడికిచ్చాడు.
తాయెత్తేమో అనుకున్నాను ఇన్నాళ్లూ.
కాదు, కోటు అంచుని చర్మానికి తగలనీదు, అంతే దాని మహిమ.
పెనంలో పది నిమిషాలు మరిగించి వాడి చేతికి కట్టాను.

పెన్సిల్ గుర్తులు కడుక్కోరా అంటే కడుక్కోడు.
రేవు మీద పిల్లల్ని పోగేసి
చొక్కా మోచేతి పైకి లాగి చూపిస్తున్నాడట:
"ఇదిగో, ఇంతవరకూ వచ్చింది."